పన్నెండు పర్వత భస్మ వృక్షాలు

బండరేవులో దండిగా దొరికేవి రెండే. ఒకటి నాపరాయి, రెండోది ఎండ. రాయి కిందనుంచి వస్తుంది, ఎండ పైనుంచి వస్తుంది, మనుషులు ఆ రెండింటి మధ్యన ఉంటారు. మే నెలలో పొద్దున పదకొండు దాటిందంటే కాకులు కూడా కరెంటు తీగలు వదిలేసి పంచల కిందికి చేరతాయి. అలాంటి ఊళ్ళో మున్సిపాలిటీ తోటను పద్దెనిమిదేళ్ళుగా పచ్చగా నిలబెట్టుకొస్తున్నవాడు మేకల దానియేలు. గన్నేరు, నూరువరహాలు, కాగితంపూలు, ఇలా ఎండతో రాజీపడి బతికే మొక్కల్నే ఏరి పెంచేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆఫీసు రిజిస్టర్లో కూడా రోజుకి ఒక్క ముక్కే రాసేవాడు: "తడిపితిని."

ఆ ఏడు కమిషనరు విఠల్‌బాబు గారు మురుగునీటి పారుదలను అధ్యయనం చేయడానికి పది రోజులపాటు ఒక చలిదేశం వెళ్ళొచ్చారు. అక్కడ మురుగు ఎక్కడా కంటపడకపోవడంతో ఆయన చెట్లను అధ్యయనం చేశారు. అందులో ఒక చెట్టు ఆయన మనసులో నాటుకుపోయింది. వేపాకులా వరసగా సన్నటి ఆకు, తెల్లటి పూలగుత్తి, ఆ తరవాత కొమ్మ వంగేలా ఎర్రటి పండ్లు. ప్రతి ఇంటి ముందూ ఒకటి. పేరు మౌంటెన్ యాష్.

తిరిగొచ్చిన మర్నాడే మీటింగు పెట్టారు.

"మన పట్టణ సౌందర్య దార్శనిక ప్రణాళికలో ఇది కీలక ఘట్టం. బండరేవు గృహోద్యానాలన్నిటిలో ఈ అలంకార వృక్షం విరాజిల్లాలి," అన్నారు.

దానియేలు గోడవారగా నిలబడి ఉన్నాడు. తోటమాలి గనక అతన్నీ పిలిచారు. "సార్, అది చలిచెట్టు. మన ఊళ్ళో మే నెల వస్తే కానుగే తల వాలుస్తుంది," అన్నాడు.

"నిరుత్సాహం వద్దు దానియేలూ. మొక్కకు ఊరి పేరు తెలియదు," అన్నారు కమిషనరు.

ఉత్తర్వు తెలుగులో ఉండాలన్న నిబంధన ఒకటుంది. ఆ పని హెడ్డు గుమాస్తా భాష్యం వరదాచారి గారిది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆయన కలంలోంచి కామా కూడా నిబంధన లేకుండా జారింది కాదు. మౌంటెన్ అంటే పర్వతం, యాష్ అంటే భస్మం, వెరసి "పర్వత భస్మ వృక్షం" అని ఉత్తర్వు వెలువడింది. మర్నాడు ఇద్దరు ముసలమ్మలు చిన్న గిన్నెలు పట్టుకుని తోటకొచ్చారు.

"విభూది చెట్టు తెచ్చారంట గదయ్యా?"

"ఇంకా రాలేదమ్మా."

"చెట్టా, విభూదా?"

దానియేలు కాసేపు ఆలోచించి, "రెండూ," అన్నాడు.

కార్తీకమాసంలో ఏసీ వ్యానులో పన్నెండు మొక్కలు దిగాయి. మోకాటి ఎత్తున, లేత ఆకులతో, ఎక్కడికొచ్చామో తెలియని చుట్టాల్లా ఉన్నాయి. అవి బతకవని తెలిసీ దానియేలు వాటిని పెంచడంలో లోటు చేయలేదు. గుంతల్లో రాతిపొడి తీసేసి చెరువుమట్టి, ఆకుచెత్త నింపాడు. మొదళ్ళ చుట్టూ కొబ్బరిపీచు పరిచాడు. పక్కనే చిల్లుకుండ పాతిపెట్టి రోజంతా బొట్లు బొట్లుగా దిగేట్టు చేశాడు. సంక్రాంతి లోపల రెండు మొక్కలు కొత్త చిగురు కూడా వేశాయి. దానియేలు ఆ రోజు భార్య కరుణమ్మను తోటకు తీసుకొచ్చి మరీ చూపించాడు. కరుణమ్మ నాపరాతి క్వారీలో బండలు మోస్తుంది. ఆమె చిగురును వేలితో ముట్టుకుని, "పాపం, దీనికి మే నెల సంగతి ఎవరన్నా చెప్పారా?" అంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఆ వారంలోనే ఆకుల అంచులు అప్పడాల్లా పెళుసెక్కాయి. దానియేలు తాటాకు పందిరి వేశాడు, తడి గోనెలు చుట్టాడు, మధ్యాహ్నం అన్నం మానుకుని నీళ్ళు చిలకరించాడు. ఉగాది వెళ్ళేసరికి పన్నెండు మొక్కలూ ఆకంతా రాల్చేశాయి. ఒక్కొక్కదాని బెరడునూ గోటితో గీకి చూశాడు. ఎక్కడా పచ్చదనం లేదు. పన్నెండో మొక్క దగ్గర కాసేపు కూర్చుండిపోయి, తరవాత రిజిస్టరు పట్టుకుని వరదాచారి గారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"చచ్చిపోయినయ్ ఆచారిగారూ. ఎక్కడ రాయాలి?"

ఆచారిగారు రిజిస్టరు తిప్పి చూపించారు. "ఇక్కడ రెండు గడులున్నాయి. 'క్షేమం', 'మిక్కిలి క్షేమం'. మూడో గడి లేదు. గడి లేనిది జరగడానికి వీల్లేదు."

"మరి జరిగింది గదండీ."

"నీకు ముందున్న మాలి ఇలాగే సొంతంగా గడి గీసుకున్నాడు. ఇప్పటికీ చెత్తకుప్పల దగ్గర కాపలా ఉన్నాడు."

దానియేలు చాలాసేపు కలం పట్టుకుని నిలబడ్డాడు. చివరికి, "ఆకులు రాల్చినవి. క్షేమం," అని రాశాడు. మొదటి మాట నిజమైనందుకు రెండో మాట కాస్త సులువైంది.

మర్నాడు పొద్దున్నే కమిషనరు గారు కబురంపారు. తన బదిలీ సంగతే అనుకుంటూ వెళ్ళాడు దానియేలు. ఆయన కుర్చీలోంచి లేచి ఎదురొచ్చారు.

"ఆకు రాల్చిందా! అక్కడా అంతేనయ్యా! చలి ముదిరితే ఆకు రాల్చి నిద్రపోతుంది. అది దాని జాతిలక్షణం. మన నేలకు అలవాటుపడిందన్నమాట!"

"సార్, గోటితో గీకి చూశాను. లోపల కూడా ఎండిపోయింది."

"నిద్రపోయేవాణ్ణి గీకితే ఏం తెలుస్తుంది?" అన్నారు కమిషనరు.

ఆ ఊపులోనే రెండో ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఇంటి తోటలోనూ ఒక పర్వత భస్మ వృక్షం ఉండాలి. లేని ఇంటికి కుళాయి నీళ్ళు బందు. మొక్కలు ఎక్కడ దొరుకుతాయో ఉత్తర్వులో లేదు. జనం మున్సిపాలిటీ తోటకొచ్చి ఆ పన్నెండు పుల్లల్నీ ఎగాదిగా చూసి, విషయం అర్థం చేసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికల్లా ఇంటింటి ముందూ ఒక కందికట్టె లేచింది. లెక్కకొచ్చిన సిబ్బంది వాటిని "నిద్రావస్థ" అని రాసుకున్నారు. ఒకాయన పత్తికట్టె పాతాడు. దానికి దూది పింజలు రెండు అంటుకుని ఉంటే "పూతదశ" అని రాశారు. మూడో వీధిలో ఒకావిడ మిరపకట్టె గుచ్చింది. దానికి నాలుగు ఎండుమిరపకాయలు ఎర్రగా వేలాడుతున్నాయి. అక్కడ సిబ్బంది ఫోటో తీసుకుని "ఫలదశ" అని రాసి, ఆవిడకు ఉత్తమ గృహోద్యాన ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ ఫోటో, ఆ లెక్కలు పైఆఫీసుకు వెళ్ళాయి. అక్కడ ఎవరో చదువుకున్నవాళ్ళు ఉన్నట్టున్నారు. వారంలో ప్రశ్న వచ్చింది: "సదరు వృక్షం శీతల ప్రదేశాల్లో మాత్రమే ఫలిస్తుంది. బండరేవులో ఎట్లు ఫలించినదో ఏడు రోజుల్లో వివరణ ఇవ్వవలెను."

కమిషనరు గారికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు ఆచారిగారు కాగితంతో వచ్చారు.

"ఇందులో రెండే మార్గాలండి. చెట్టు అబద్ధం కావాలి, లేదా ఎండ అబద్ధం కావాలి. చెట్టు మీద తమ సంతకం ఉంది. ఎండ మీద ఎవరి సంతకమూ లేదు."

కమిషనరు గారి ముఖం విప్పారింది.

ఏప్రిల్ ఇరవైన కౌన్సిల్ సమావేశంలో, ఎనిమిది ఫ్యాన్లు గిర్రున తిరుగుతుండగా, బండరేవును శీతల పట్టణంగా గుర్తిస్తూ నలభై ఒకటో నంబరు తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆ వెంటనే ఫ్యాన్లు విప్పించేశారు. శీతల పట్టణంలో ఫ్యాన్లు ఎందుకని ఆడిట్ వాళ్ళు అడుగుతారు.

అక్కణ్ణుంచి ఒకటి వెంట ఒకటి నడిచాయి. చలి ఊళ్ళో చలివేంద్రాలు దండగ కాబట్టి కుండలు ఎత్తేశారు. బడులకు ఒంటిపూట, వేసవి సెలవులు రద్దయ్యాయి. ఆస్పత్రిలో వడదెబ్బకు ఉంచిన ఉప్పు పంచదార పొట్లాలు, సెలైన్ సీసాలు వెనక్కి వెళ్ళి, వాటి బదులు కంబళ్ళు, శొంఠిపొడి వచ్చాయి. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా క్వారీల్లో పని ఆపాలన్న పాత నియమం "వేసవి లేనందున" రద్దయింది. కూడలిలో ఉష్ణోగ్రత చూపే బోర్డొకటి ఉంది. అది మాత్రం మొండిగా నలభై ఆరు చూపిస్తూనే ఉంది. జనం ఆచారిగారిని నిలదీశారు.

"డిగ్రీలు అని ఉంది గాని ఏ డిగ్రీలో దాని మీద లేదు," అన్నారాయన. "ఫారన్‌హీటులో నలభై ఆరంటే మన లెక్కలో ఎనిమిది. ఒళ్ళు జాగ్రత్త. పిల్లలకు స్వెట్టర్లు వేయండి."

మే పన్నెండో తేదీ మధ్యాహ్నం ఒంటిగంటకు కరుణమ్మ బండ మోస్తూ మోస్తూ పడిపోయింది.

దానియేలు పరుగెత్తుకొచ్చేసరికి తోటి ఆడవాళ్ళు ఆమెను ఆటోలో వేస్తున్నారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. చెమట లేదు. ఏదో గొణుగుతోంది గాని మాట తెలియడం లేదు. ఆస్పత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ ఒకామె ఉంది. చూస్తూనే ఆమెకు అర్థమైంది.

"వడదెబ్బ," అంది మెల్లగా. తరవాత కంప్యూటరు వైపు చూసి, "ఈ మాట రాస్తే తీసుకోవడం లేదు. శీతల పట్టణాల జబ్బుల పట్టికలో అది లేదు. చలిజ్వరం ఉంది, మంచుపుండు ఉంది," అంది.

"మందు ఏదో ఒకటి ఇవ్వండమ్మా!"

"కంబళ్ళు తప్ప ఏమీ లేవు." ఆమె మూలనున్న కంబళ్ళ గుట్ట వైపు చూసింది. తరవాత నర్సును పిలిచి, "ఆ కంబళ్ళు నాలుగు తీసుకెళ్ళి కుళాయి కింద తడిపి పట్రా," అంది. తన భోజనం క్యారేజీలోని మజ్జిగలో ఉప్పు కలిపి, మెలకువ రాగానే కొంచెం కొంచెంగా పట్టమని దానియేలు చేతికిచ్చింది. దానియేలు తడి కంబళి కప్పుతూ, అది ఆరగానే మారుస్తూ, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. ఇన్ని రోజులూ మొక్కలకు గోనెలు తడిపి చుట్టిన చేతులవి. ఆ మొక్కలు బతకలేదన్న సంగతి మాటిమాటికీ గుర్తొస్తూనే ఉంది.

సాయంత్రం అయిదింటికి కరుణమ్మ కళ్ళు తెరిచింది. రెండు గుక్కలు మజ్జిగ తాగి భర్త ముఖం చూసింది.

"ఏందయ్యా, అట్లా ఉండావు?"

దానియేలు ఆపుకోలేకపోయాడు. గడులు, క్షేమం, ఆకులు, మొత్తం చెప్పేశాడు. "నేను ఒక్క ముక్క రాసినందుకు ఊరంతా ఇట్లా అయిపోయింది కరుణా."

కరుణమ్మ అంతా విన్నది. "చెట్టు చచ్చిందని రాయడానికి నీ చేతులేమన్నా పడిపోయినాయా?"

"చెత్తకుప్పకు పంపుతారని భయపడ్డా."

"పంపితే పంపనీ. చెత్తకుప్ప దగ్గరన్నా నీడుంటదేమో," అంది ఆమె, కళ్ళు మళ్ళీ మూసుకుంటూ. "రేపు పొద్దున పొయ్యి రాసిరా."

డాక్టరమ్మ చీటీలో "చలిజ్వరం, నయమైంది" అని రాసి ఇచ్చింది.

మర్నాడు పన్నెండింటికి దానియేలు ఆఫీసులో నిలబడ్డాడు. వరదాచారి గారు కోతిటోపీ, శాలువా వేసుకుని ఫైలు రాస్తున్నారు. టోపీ అంచునుంచి చెమట బొట్లు కాగితం మీద పడుతుంటే అద్దుడు కాగితంతో ఒత్తుతున్నారు.

"ఆచారిగారూ, ఆ చెట్లు చచ్చిపోయినయ్. ఈసారి అట్లానే రాసుకోండి. నన్ను ఎక్కడికి పంపినా సరే."

ఆచారిగారు తలెత్తారు. "రాయవచ్చు. శీతల పట్టణమయ్యాక కొత్త రిజిస్టరు వచ్చింది. అందులో మూడో గడి ఉంది. కాని కారణం రాయాలి."

"ఎండవల్ల."

"ఎండ లేదు. తీర్మానం నలభై ఒకటి."

"నీళ్ళు చాలక."

"రోజూ తడిపితినని నీ సంతకాలున్నాయి."

"పురుగు పట్టి."

"చలికి పురుగు బతకదు."

దానియేలుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి మీ చలి ఊళ్ళో చెట్టు ఎట్లా చావాలండీ?"

ఆచారిగారు బల్ల సొరుగులోంచి లావుపాటి పుస్తకం తీశారు. శీతల ప్రాంతాల పరిపాలనా నియమావళి. తీర్మానం అందాక పైఆఫీసు పంపింది. "ఒక్కటే దారి. హిమపాతం. అంటే మంచు కురవాలి. మంచు బరువుకు చెట్టు చావవచ్చు. అది దైవికం. ఎవరి బాధ్యతా ఉండదు."

దానియేలు ఆ పుస్తకం వైపు చూశాడు. "మంచు కురిస్తే ఇంకేమేం చెయ్యాలని ఉందండీ అందులో?" అని అడిగాడు.

ముప్ఫై రెండేళ్ళలో ఒక నియమం పూర్తి పాఠం చదవమని ఆచారిగారిని ఎవరూ అడగలేదు. ఆయన గొంతు సవరించుకుని, వేలు పెట్టి చదివారు. "తీవ్ర హిమపాత సమయమున ఆరుబయట పనులు, గనులు, క్వారీలు తక్షణం నిలిపివేయవలెను. పాఠశాలలు విడిచిపెట్టవలెను. కూడళ్ళయందు పైకప్పు గల విశ్రాంతి స్థలములు, పానీయములు ఏర్పాటు చేయవలెను. ఆస్పత్రులయందు సొమ్మసిల్లినవారి నిమిత్తం లవణ ద్రావణములు నిలువ ఉంచవలెను."

దానియేలు కిటికీ వైపు నడిచాడు.

"ఆచారిగారూ, ఒక్కసారి ఇటు రండి. బయట మంచు కురుస్తోంది."

ఆచారిగారు వచ్చి నిలబడ్డారు. బయట వీధంతా రాతిపొడి మీద ఎండ పడి కళ్ళు తెరవనివ్వడం లేదు. ఎదురుగా ఒకామె తల మీది బండ దించి, దాని మీదే కూర్చోబోయి, ఒళ్ళు చురుక్కుమని లేచి, పక్కన నేల మీద కూలబడింది. కొంగుతో ముఖం కప్పుకుంది. ఆమె మళ్ళీ లేస్తుందేమోనని ఆచారిగారు చాలాసేపు చూశారు. ఆమె లేవలేదు.

ఆచారిగారు బల్ల మీది తన మంచినీళ్ళ చెంబు జవానుకిచ్చి ఆమె దగ్గరికి పంపారు. తరవాత మెల్లగా కోతిటోపీ తీసి కిటికీలో పెట్టారు. తలంతా తడిసి ముద్దయిపోయి ఉంది.

"ఎంతసేపటినుంచి కురుస్తోంది?" అని అడిగారు.

"పదకొండింటి నుంచండీ."

"ఎప్పటికి తగ్గవచ్చు?"

"నాలుగింటికి తగ్గేట్టుంది. రోజూ ఇదే వరస, తొలకరి దాకా."

ఆచారిగారు కుర్చీలో కూర్చుని కలం మూత తీశారు. "ఉత్త హిమపాతం అంటే చాలదు దానియేలూ. 'తీవ్ర' అని ఉండాలి. అప్పుడే పని ఆపుతారు."

కమిషనరు గారు ఆ ఫైలు చూసి మొదట నమ్మలేకపోయారు. తరవాత కళ్ళు చెమర్చాయి. "అక్కడ పది రోజులున్నాను ఆచారీ. ఒక్కనాడూ మంచు పడలేదు. మన ఊళ్ళో పడిందా!" అని సంతకం పెట్టారు.

మర్నాడు పదకొండింటికి మున్సిపాలిటీ సైరను మోగింది. క్వారీ యజమానులు గొణిగారు గాని, మంచు అన్నాక ఎవరేం చేస్తారు? పని ఆగింది. పిల్లలు ఇళ్ళకు పోయారు. కూడళ్ళలో పందిళ్ళు లేచాయి, కుండలు దిగాయి. పందిట్లో "హిమపాత బాధితుల విశ్రాంతి కేంద్రం" అని అట్ట కట్టారు. ఆస్పత్రికి ఉప్పు పంచదార పొట్లాలు రెట్టింపు వచ్చాయి. ఆ మే నెల చివరి దాకా బండరేవులో మరో మనిషి ఎండకు పడలేదు. మంచుకు కూడా.

నాలుగో రోజుకు లేచి తిరుగుతున్న కరుణమ్మ పందిట్లో కూర్చుని కుండనీళ్ళు తాగుతూ మొగుణ్ణి అడిగింది. "చెట్లు చచ్చినాయని రాసినావా లేదా?"

"రాశా. మంచు పడి చచ్చినాయని."

కరుణమ్మ గ్లాసు దించి అతని ముఖంలోకి చూసింది. "అబద్ధం రాసేవాడివి, ఆ మంచిదేదో మొదట్లోనే రాసుండొచ్చు గదయ్యా," అంది. తోటి ఆడవాళ్ళు గొల్లుమన్నారు. దానియేలు కూడా నవ్వాడు. నవ్వుతూనే అతను తోట వైపు వెళ్ళి, ఆ పన్నెండు పుల్లల్నీ పీకి, ఆ గుంతల్లో పన్నెండు వేపమొక్కలు నాటాడు. రిజిస్టర్లో వాటి గురించి ఏమీ రాయలేదు.

కథ అక్కడితో సరిపోయేదే. కాని పైఆఫీసు మంచు ఫోటో అడిగింది. బండలు నునుపుచేసే యార్డు దగ్గర దానియేలు ఒక ఫోటో తీసిచ్చాడు. రాతిపొడి మోకాటి లోతున తెల్లగా పేరుకుని ఉంది. కప్పులు, చెట్లు, పడుకున్న కుక్క, అంతా తెలుపు. ఆ ఫోటో పేపర్లో వచ్చింది. మే చివరి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు దూరపు నగరం నుంచి బస్సొకటి వచ్చి కూడలిలో ఆగింది. అందులోంచి ఒక కుటుంబం దిగింది. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, ఒక మామ్మగారు. అందరికీ స్వెట్టర్లు, చేతులకు తొడుగులు. దిగిన రెండు నిమిషాల్లో వాళ్ళ ముఖాలు మిరపపండ్లయ్యాయి.

"ఇక్కడ మంచు ఎక్కడండీ?" అని అడిగాడు భర్త, గాలి పీలుస్తూ.

దానియేలు మామ్మగారి చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించాడు. ఆమె స్వెట్టరు గుండీలు విప్పి, కుండ మీది మూత తీసి గ్లాసు ముంచాడు.

"ముందు ఈ నీళ్ళు తాగండి మామ్మగారూ," అన్నాడు. "ఇప్పుడు కురుస్తా ఉంది, బయటికి పోగూడదు. నాలుగింటికి ఆగిపోద్ది. అప్పుడు చూద్దురుగాని."